కల్దారు ఆరు, హాలీ ఏడు

నా వాట్సాప్‌లో పండుగ శుభాకాంక్షల కంటే రూపాయి బిళ్ళల ఫోటోలే ఎక్కువ. "అక్కా, విక్టోరియా రాణి బిళ్ళ దొరికింది, యూట్యూబ్‌లో పది లక్షలంటున్నారు, మీరెంతకు తీసుకుంటారు?" ఫోటో పెద్దది చేసి చూస్తే 1918 నాటి ఐదో జార్జి రాజు, గడ్డం మీసాలతో సహా. ఆయన్ని పట్టుకుని రాణి అంటే ఏం చెప్పాలి? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకని ఇక్కడ రాస్తున్నా. ఇకమీదట ఎవరు అడిగినా ఈ లింకు పంపిస్తా.

మాది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా చిట్టచివర, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. అవతలి గట్టున కాళేశ్వరం. నేను పుట్టింది మంథని వైపు, ఇక్కడికి కోడలిగా వచ్చాను. అప్పటికి వంతెన లేదు, పెళ్ళివాళ్ళంతా పడవల్లోనే దాటారు. అత్తగారిది అవుసులోళ్ళ ఇల్లు, వెండి పనే ఎక్కువ. మా ఆయన కొలిమి దగ్గర కూర్చుంటే నేను కాటా దగ్గర కూర్చుంటా. చుట్టుపక్కల ఊళ్ళనుంచి అంగడి రోజు వచ్చే గోండు ఆడవాళ్ళు, పాత ఇళ్ళు కూలగొట్టుకున్నవాళ్ళు, ఆస్తి పంపకాలు అయినవాళ్ళు తెచ్చిన వెండి ముందు నా చేతికే వస్తుంది. అందులో బిళ్ళలుంటే కరగడానికి వెళ్ళకుండా నేను పక్కకు తీస్తా. ఇంట్లో దీన్ని నా పిచ్చి అంటారు, అననివ్వండి.

బ్రిటిష్ కాలంలో మా ఈ గట్టు సెంట్రల్ ప్రావిన్సెస్, చాందా జిల్లా. ఆ గట్టు నిజాం రాజ్యం. నది దాటితే భాష మారేది కాదు, చుట్టాలు మారేవాళ్ళు కాదు, డబ్బు మాత్రం మారిపోయేది. ఇటు ఇంగ్లీషు సర్కారు రూపాయి, దాన్ని కల్దారు అనేవాళ్ళు. అటు నిజాం సర్కారు సొంత రూపాయి, అది హాలీ. సరుకుతో అటు వెళ్తే కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం, ఆపైన డబ్బు మార్చుకునే తలనొప్పి. మా మామ ఎప్పుడూ ఒకటే లెక్క చెప్పేవాడు: కల్దారు ఆరిస్తే హాలీ ఏడు. సర్కారు పుస్తకంలో అదే లెక్కను వంద కల్దార్లకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు అని రాసేవాళ్ళు, అణాకు పన్నెండు పైసలున్న రోజులవి.

చాలా ఏళ్ళు దీన్ని పెద్దవాళ్ళు పెట్టిన ఏదో కట్టుబాటు అనుకున్నాను. తర్వాత రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టి లెక్క కట్టా. కల్దారు బరువు 180 గ్రెయిన్లు, సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు రాగి. ఇప్పుడు బంగారానికి 916 అంటున్నామే, అదే పాకం. ఈ లెక్కన స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. హాలీ రూపాయి, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొట్టింది, 11.18 గ్రాములు తూగుతుంది. దాని వెండి వెయ్యికి 818 పాళ్ళు, అంటే 9.14 గ్రాములు. ఇప్పుడు ఆరు కల్దార్ల వెండి చూడండి, 64 గ్రాముల చిల్లర. ఏడు హాలీల వెండి కూడా 64 గ్రాముల చిల్లరే! ఆరూ ఏడూ అన్నది ఊరికే పుట్టలేదు, ఎవరో వెండి తూచే పెట్టారు. మా అవుసులోళ్ళు రెండు రకాలూ ఒకే మూసలో పోసి కరిగించారు కాబట్టి వాళ్ళకిది ముందే తెలిసుంటుంది, నాకే ఆలస్యంగా తెలిసింది.

నా ధర పద్ధతంతా దీనిమీదే నిలబడి ఉంది. బిళ్ళకు మొదటి ధర వెండి. దానికంటే తక్కువ ఎవరైనా ఇస్తే ఆ దుకాణం మెట్లు దిగిపొండి. దానికి పైన ఎంత అన్నది సంవత్సరం, టంకసాల, అరుగుదల చెప్పాలి. యూట్యూబ్ చెప్పకూడదు.

తూకం వెయ్యగానే సగం సంగతి తెలిసిపోతుంది. 1939 వరకు కల్దారులో పైన చెప్పిన మంచి వెండి ఉంది. రెండో యుద్ధంలో వెండి చాలక 1940లో సగం వెండికి దించారు: వెండి 50 పాళ్ళు, రాగి 40, నికెల్ 5, జింకు 5. బరువు మాత్రం మార్చలేదు, అదే తులం. కాబట్టి 1940 నుంచి 1945 దాకా ఉన్న ఆరో జార్జి రూపాయిలో వెండి 5.83 గ్రాములే. గ్రాము వెండి వంద రూపాయలనుకుని సులువుగా లెక్క కట్టుకోండి: మంచి కల్దారు వెయ్యి అరవై తొమ్మిది, హాలీ తొమ్మిది వందల పద్నాలుగు, యుద్ధకాలం రూపాయి ఐదు వందల ఎనభై మూడు. రోజు ధర ఎంతుంటే అంతతో ఆ వెండి గ్రాములను గుణించుకోవచ్చు. అర్ధ రూపాయికి సగం, పావలాకి పావు, బేడకి ఎనిమిదో వంతు. అరిగిన బిళ్ళ 11.3, 11.4 తూగడం మామూలే, కంగారు పడొద్దు. 10.5 తూగితే మాత్రం అనుమానించాలి.

1947 నాటి రూపాయి తెచ్చి "ఇదీ వెండే కదా" అంటారు. కాదు. దాని వెనక పులి నడుస్తూ ఉంటుంది, అది నికెల్. అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంటుంది. వెండి అంటుకోదు. పిల్లల బొమ్మల్లోంచి ఊడిన అయస్కాంతం ముక్క ఒకటి మా గల్లాపెట్టెలో ఎప్పుడూ ఉంటుంది. అది పెట్టాక ఒక్కొక్కరి ముఖం వాడిపోతుంది, నేనేం చెయ్యను.

సగం వెండిదా, మంచిదా, అసలు వెండేనా అని తెలుసుకోవడానికి గీటురాయి మీద గీస్తారు. మా ఆయన కూడా అదే చేస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే గీసిన బిళ్ళకు అక్కడే ధర తగ్గింది. నేను నీళ్ళలో తూస్తా. బంగారం కాటా మీద గ్లాసులో నీళ్ళు పెట్టి సున్నా చేస్తా. సన్నటి దారంతో బిళ్ళను కట్టి గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీస్తా. అప్పుడు కాటా ఎంత చూపిస్తే అన్ని గ్రాముల నీళ్ళను బిళ్ళ తోసిందన్నమాట. 11.6 గ్రాముల మంచి కల్దారు 1.12 దగ్గర నిలుస్తుంది. యుద్ధకాలంది 1.22 చూపిస్తుంది. జర్మన్ సిల్వర్‌తో పోసిన నకిలీ అయితే 1.35 పక్కకు వెళ్తుంది. దారం కుదురుగా పట్టుకోవాలి, బిళ్ళకు గాలి బుడగలు అంటుకుంటే చిన్న కుంచెతో తుడవాలి. బిళ్ళ మీద గీత పడదు, ఒక్క రవ్వ వెండి పోదు. ఒకాయన దుకాణంలో కూర్చుని ఇదంతా చూసి "మీరేంటమ్మా, బిళ్ళకు స్నానం చేయిస్తున్నారు" అన్నాడు. తర్వాత తన దగ్గరున్న బిళ్ళలన్నీ వరసగా స్నానం చేయించుకుని వెళ్ళాడు.

ఇక సంవత్సరాలు. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి మొదలుపెట్టింది, దానిమీద నాలుగో విలియం బొమ్మ. తర్వాత విక్టోరియా. 1840 అని ఉన్న బిళ్ళలు ఆ ఒక్క ఏడాదివే కావు, అదే తేదీతో ఏళ్ళ తరబడి కొట్టారు. వాటిలో పేరు తల చుట్టూ ఒకే వరసగా ఉన్నది ఒక రకం, అటూ ఇటూ విడిపోయి ఉన్నది ఇంకో రకం. 1862 తేదీదీ అంతే, 1874 దాకా అదే కొట్టి తేడా తెలియడానికి చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెడితే వంట మాడిపోతుంది, భూతద్దం ఉన్నవాళ్ళు చూసుకోండి. 1877 నుంచి రాణి పేరు పక్కన ఎంప్రెస్ అని వస్తుంది. ఏడో ఎడ్వర్డ్ 1903 నుంచి 1910 దాకా. కిరీటం లేని బోడి తల, మా అత్తమ్మ ఆ బిళ్ళను బోడోడు అనే పిలిచేది.

చాలామంది ఇళ్ళలో దొరికేవి 1918, 1919 నాటివి. ఇవి అరుదైనవి కావు, ఈ రెండేళ్ళలో కోట్ల మీద కోట్లు కొట్టారు. కారణం మొదటి యుద్ధం. వెండి ధర పెరిగిపోయి, జనం రూపాయిలు దాచేసి, 1917లో సర్కారు మొట్టమొదటిసారి రూపాయి కాగితం అచ్చు వెయ్యాల్సి వచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలో ఉన్న వెండి డాలర్లు కరిగించి ఆ వెండిని బ్రిటన్‌కు అమ్మితే అది ఇక్కడి టంకసాలలకు వచ్చింది. మీ అటక మీద దొరికిన 1918 రూపాయిలో అమెరికా డాలరు వెండి ఉండొచ్చని చెప్తే ఫోటో పంపినవాళ్ళు సంతోషిస్తారు, ధర చెప్పాక ఆ సంతోషం ఉండదు. అరిగిన 1918కి నేను వెండి ధర మీద వందో రెండొందలో ఇస్తా. గడ్డంలో వెంట్రుకలు, అంగీ మీద కుట్టుపని స్పష్టంగా కనిపిస్తే ఇంకాస్త పెంచుతా.

ఆ అంగీ దగ్గరే అసలు కథ. 1911లో ఐదో జార్జి మొదటి రూపాయి వచ్చినప్పుడు రాజు మెడలోని హారానికి ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం పొట్టిగా, కాళ్ళు కురచగా ఉండటంతో అది జనానికి పందిలా కనబడింది. ముస్లింలు దాన్ని తాకబోమన్నారు. సర్కారు ఆ బిళ్ళలు వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించి, 1912 నుంచి ఏనుగును సరిగ్గా చెక్కింది. అప్పటికే బయటికి పోయిన బిళ్ళలు కొన్ని మిగిలాయి. 1911 అని కనబడితే ఒకసారి ఆగండి, దాని ధర వేరు. 1939 రూపాయి ఇంకా అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువ. 1938లో ఎనిమిదిని గీకి తొమ్మిది చేస్తారు. భూతద్దంలో ఆ అంకె చుట్టూ బిళ్ళ గరుకుగా కనిపిస్తుంది. 1818 అని, ఒకపక్క హనుమంతుడు, ఇంకోపక్క ఈస్టిండియా కంపెనీ అని ఉండే రాగి బిళ్ళలు మాత్రం నా దగ్గరికి తేవొద్దు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ కొట్టలేదు. పూజలో పెట్టుకోండి, తప్పులేదు, అమ్మాలని చూడొద్దు.

హాలీ గురించి తెలుగువాళ్ళే తక్కువ పట్టించుకుంటారు, అది నాకు బాధ. ఎంత అందమైన బిళ్ళ! ఒకపక్క చార్మినార్. దాని నడిమి గుమ్మంలో ఒక అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. ఉర్దూ రాకపోయినా ఈ రెండు అక్షరాల ఆకారం పట్టుకుంటే చాలు. తేదీ హిజ్రీలో, అంటే ముస్లింల పంచాంగం లెక్కలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం ఇంచుమించు వస్తుంది: 1337 అంటే 1918-19. నిజాం రాజ్యం 1948లో కలిసిపోయినా హాలీ వెంటనే పోలేదు, 1959 దాకా చెల్లింది. అందుకే మా గట్టు మీద కూడా ఒకే సంచిలో రెండూ దొరుకుతాయి.

మా దగ్గరికొచ్చే బిళ్ళల్లో ఎక్కువ వాటికి చెవులుంటాయి. మా ప్రాంతంలో రూపాయిల పేరు, అంటే బిళ్ళల దండ, వేసుకోని ఆడమనిషి ఒకప్పుడు లేదు. బిళ్ళ పైన వెండి కొండి అతికించి నల్లదారానికి గుచ్చేవాళ్ళు. నాణేలు సేకరించేవాళ్ళ దృష్టిలో ఇది పాడైన బిళ్ళ. కొండి తీసేసినా అతుకు మచ్చ పోదు, వెండి ధరకు మించి రూపాయి ఇవ్వరు. నేను మాత్రం వీటినే ఎక్కువ దాచుకున్నా. పెద్ద నగరాల సంగ్రహాల్లో నున్నటి బిళ్ళలు బోలెడు, మా గట్టు మీద తిరిగిన బిళ్ళ మాత్రం కొండిని చూస్తేనే తెలుస్తుంది. కల్దారుకు కొండి రాణి నడినెత్తి మీద పడేది, ముఖం నిటారుగా వేలాడాలని. హాలీకి సరిగ్గా చార్మినార్ పైన. అది అతికించిన అవుసులాయనకు పార్సీ రాదు, గుమ్మంలో ఏ అక్షరం ఉందో తెలియదు, అయినా మినార్లు ఎటు నిలబడాలో తెలుసు. ఎదకు ఆనే వైపు చెమటకు, రాపిడికి అరిగి రాత మాసిపోతుంది, బయటి వైపు కాస్త నిలుస్తుంది. రాణి ముఖం నున్నగా అరిగి వెనక పూలతీగ మిగిలిందంటే వేసుకున్నావిడ రాణిని లోపలికి తిప్పుకుందన్నమాట.

తోమడం మీద మా ఇంట్లో రోజూ గొడవే. అవుసుల పనంటే తెల్లగా మెరవడం. నల్లబడ్డ వెండి చూస్తే మా ఆయన చెయ్యి కుంకుడు రసం వైపు పోతుంది. చింతపండు, బూడిద, టూత్‌పేస్టు ఏది రుద్దినా బిళ్ళ పైపొర లేచిపోయి కొత్త స్టీలు చెంచాలా మెరుస్తుంది. తెలిసినవాడు దాన్ని చూసి సగం ధరే చెప్తాడు. మురికి ఉంటే ఉత్త నీళ్ళలో నానబెట్టి మెత్తటి బట్టతో అద్దండి, రుద్దొద్దు. ప్లాస్టిక్ కవర్లలో కుక్కొద్దు, వాటిలో కొన్ని చెమర్చి బిళ్ళకు పచ్చగా అంటుకుంటాయి. కాగితపు పొట్లాలు మేలు.

పునాదులు తవ్వుతుంటే కుండ దొరికిందని చెవిలో చెప్పేవాళ్ళు కూడా వస్తారు. నేను కొనను. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. వందేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, దేశం దాటించకూడదు. దుబాయ్‌లో ఉన్న మేనల్లుడికి పంపిస్తా అనేవాళ్ళు ఇది చదువుకోండి.

మొన్న అంగడికి లోపలి ఊరినుంచి ఒక గోండు అవ్వ రూపాయిల పేరు తెచ్చింది. కరిగించి మనవరాలికి కడియాలు చెయ్యమంది. విప్పి చూస్తే కల్దార్లు, మధ్యలో ఒకటి రెండు హాలీలు, అన్నిటికీ కొండ్లు. కరిగించడానికి మనసొప్పలేదు. అంత బరువు వెండికి కొత్త కడియాలు చేసిస్తాం, మజూరీ వద్దు, పేరు మాకివ్వు అన్నా. మజూరీ మాటకు మా ఆయన తలెత్తి చూశాడు, అవ్వ ఉందని ఊరుకున్నాడు. బిళ్ళలన్నీ భూతద్దంలో చూస్తుంటే ఒకదానిమీద 1911, రాజు అంగీ మీద ఆ పొట్టి తొండం. చెప్పకుండా ఎలా ఉంటాను? "అవ్వా, ఇది మిగతావాటి లెక్క కాదు, దీనికి ఎక్కువిస్తా" అని పంది సంగతి మొత్తం చెప్పా. అవ్వ భూతద్దం తీసుకుని ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"పందైతేంది, ఏనుగైతేంది బిడ్డా. ఇంత కథున్నదాన్ని నీకెందుకిస్త? ఇదొక్కటి నాకియ్యి, మనవరాలి మెడల ఏస్త. జర తెల్లగ చేసియ్యి."

ఎన్ని చెప్పినా వినలేదు. నేను గొణుగుతూ ఉండగానే మా ఆయన కుంకుడు రసం గిన్నె ముందుకు లాక్కున్నాడు.